రెండు కార్వెల్‌లు, ఒక షాలేం రాజు

స్కూల్ బోర్డు మెంబరు కావాలని షాలేం రాజు ఎన్నడూ అనుకోలేదు. అతనికి కావలసింది బస్ స్టాప్ రెండు వందల అడుగులు పక్కకి జరగడం, అంతే.

న్యూజెర్సీలో, పార్సిప్పనీకి ఇరవై నిమిషాల దూరంలో, ఈస్ట్ కార్వెల్ అనే చిన్న ఊళ్లో అతని ఇల్లు. పార్సిప్పనీలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అంటే, వేరేవాళ్లు రాసింది ఎక్కడ పనిచెయ్యదో కనిపెట్టి, వాళ్ల మనసు నొప్పించకుండా చెప్పడం. రేపల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తూ ఉండడం వల్ల, ఎవరైనా "అంతా బాగానే ఉంది" అంటే అతనికి కంగారు పుట్టేది. భార్య ఫెబీ ఫార్మసీలో పనిచేసేది. కొడుకు ఎవాన్ అప్పటికి ఐదో క్లాసు.

ఎవాన్ బస్సెక్కే చోటు రోడ్డు మలుపులో, ఫుట్‌పాత్ లేని దగ్గర ఉండేది. రాజు స్కూల్ బోర్డు మీటింగ్‌కి వెళ్లి, ఊరివాళ్లు మాట్లాడడానికి ఇచ్చే మూడు నిమిషాల్లో ఆ మాట చెప్పాడు. పరిశీలిస్తామన్నారు. రెండో నెల మళ్లీ వెళ్లి, ఆ మలుపులో ఏ నిమిషానికి ఎన్ని కార్లు తిరుగుతున్నాయో ఒక పేజీ రాసి ఇచ్చాడు. పరిశీలిస్తున్నామన్నారు. మూడో నెల స్టాప్ జరిపారు. నాలుగో నెల కూడా అతను వెళ్లి కూర్చున్నాడు. పనేమీ లేకుండా ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. ఆ మీటింగులకి పని ఉన్నవాళ్లు కూడా వచ్చేవాళ్లు కాదు.

ఆ నవంబరులో బోర్డులో మూడు సీట్లు ఖాళీ అయితే ఇద్దరే నిలబడ్డారు. మూడో సీటుకి జనం ఎవరి పేరైనా బ్యాలెట్ మీద చేత్తో రాయొచ్చు. బస్ స్టాప్ దగ్గర నిలబడే తల్లిదండ్రులు కొందరు, తెలుగు చర్చివాళ్లలో ఆ ఊళ్లో ఉన్నవాళ్లు కొందరు రాజు పేరు రాశారు. మొత్తం ముప్పై రెండు. అందులో స్పెల్లింగులు పదకొండు రకాలు. అన్నీ ఒకే మనిషని కౌంటీ ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు. ఒకరెవరో "బస్ స్టాప్ ఆయన" అని రాశారు. అది మాత్రం చెల్లదన్నారు. ముప్పై ఒక్క ఓట్లతో షాలేం రాజు గెలిచాడు.

"జీతం ఎంత?" అని ఫెబీ అడిగింది.

"లేదు."

"మరి ఎందుకు గెలిచారు?"

ఆదివారం చర్చిలో పాస్టర్ దైవాశీర్వాదం గారు, "మన షాలేం రాజు బ్రదర్‌ని ప్రభువు ప్రభుత్వంలోకి పంపించాడు" అని ప్రార్థన చేశారు. ప్రభుత్వం కాదని చెప్పడానికి రాజు కళ్లు తెరిచాడు గానీ, అందరూ కళ్లు మూసుకుని ఉండడంతో మళ్లీ మూసుకున్నాడు.

అక్కడ స్కూళ్ల సంగతి కొంచెం చెప్పాలి. ఊరికో స్కూల్ డిస్ట్రిక్ట్. ప్రతి డిస్ట్రిక్ట్‌కీ ఒక బోర్డు, స్కూళ్లు నడిపే ఒక సూపరింటెండెంట్, ఒక లాయరు, ఒక ఆడిటరు. ఇంటి పన్నులో పెద్ద ముక్క దానికే పోతుంది. ఈస్ట్ కార్వెల్ డిస్ట్రిక్ట్‌కి ఉన్నది ఒక్కటే స్కూలు. అందులో పిల్లలు మూడు వందల నలభై మంది. పక్క ఊరు కార్వెల్‌కి మూడు స్కూళ్లు. ఈస్ట్ కార్వెల్‌వాళ్లు ఆ ఊరిని "ఉత్త కార్వెల్" అనేవాళ్లు. రెండు సూపరింటెండెంట్ ఆఫీసుల మధ్య మైలుకి కొంచెం పైన దూరం, మధ్యలో ఒక గ్యాస్ స్టేషను.

రాజు మెంబరైన రెండో ఏడు, ఇలాంటి డిస్ట్రిక్ట్‌లు కలిస్తే ఎంత ఆదా అవుతుందో లెక్క కట్టించుకోమని రాష్ట్రం నుంచి గ్రాంటు వచ్చింది. రెండు ఊళ్లూ కలిసి ఒక కన్సల్టింగ్ కంపెనీని పెట్టుకున్నాయి. ఎనిమిది నెలల తరవాత రెండు వందల పన్నెండు పేజీల రిపోర్టు వచ్చింది. అట్ట మీద నవ్వుతున్న పిల్లల ఫోటో. పిల్లలు రెండు ఊళ్లలో ఏ ఊరివాళ్లూ కారు. రెండో పేజీలో పెద్ద అక్షరాలతో ఏడాదికి ఆదా పదమూడు లక్షల ఎనభై వేల డాలర్లు. ఇంటికి రెండు వందల ముప్పై ఎనిమిది.

బోర్డు ప్రెసిడెంటు మిసెస్ పెట్రీ, "రాజు కంప్యూటర్లలో ఉన్నాడు కదా, అతను చూస్తాడు" అంది. తక్కినవాళ్లు ఆనందంగా చేతులెత్తారు. మొత్తం రిపోర్టు చదవాల్సింది తాను ఒక్కడేనని రాజుకి అప్పుడు అర్థమైంది.

అతను సాఫ్ట్‌వేర్‌ని ఎలా చూస్తాడో రిపోర్టునీ అలాగే చూశాడు. నాలుగు వారాలు పట్టింది. అరవై నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. ఆ కంపెనీ తరఫున జవాబులు చెప్పడానికి వచ్చిన కుర్రాడి పేరు నిశాంత్. ఇరవై ఆరేళ్లు. ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. స్కూల్ లైబ్రరీలో, రెండో క్లాసు పిల్లల కుర్చీల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మోకాళ్లు గడ్డాల దగ్గరకొచ్చాయి.

"మిస్టర్ రాజు..." అని మొదలుపెట్టి, ముఖం చూసి, "అంకుల్, మీరు తెలుగా?" అన్నాడు.

"అవును బాబూ."

"ఓ, గుడ్. అయితే నేను తెలుగులో చెప్తాను. నా తెలుగు బాగా ఉండదు."

"పరవాలేదు. మొదటి ప్రశ్న. మా టీచర్ల జీతాలు కార్వెల్ టీచర్లకన్నా తక్కువ. కలిసిన తరవాత ఒకే డిస్ట్రిక్ట్‌లో రెండు రకాల జీతాలు ఉంటాయా?"

"ఉండవు అంకుల్. అందరికీ పెద్ద స్కేలే వస్తుంది."

"మా వైపు స్టాఫ్ యాభై ఎనిమిది మంది. తలకి సగటున పన్నెండు వేలు పెరుగుతుంది. దాదాపు ఏడు లక్షలు. అది మీ లెక్కలో ఎక్కడుంది?"

నిశాంత్ పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. "అపెండిక్స్ ఎఫ్‌లో ఒక ఫుట్‌నోట్ ఉంది. 'జీతాల్లో మార్పు లేదని అనుకున్నాం' అని."

"ఎందుకనుకున్నారు?"

"అనుకోకపోతే నంబర్ చిన్నగా వస్తుంది అంకుల్."

కుర్రాడు నిజం చెప్పినందుకు రాజుకి అతని మీద గౌరవం కలిగింది. రెండు సూపరింటెండెంట్ ఉద్యోగాల్లో ఒకటి పోతుందని రాశారు. ఈస్ట్ కార్వెల్ సూపరింటెండెంట్ డాక్టర్ హోల్‌బ్రూక్‌కి ఇంకా రెండేళ్ల కాంట్రాక్టు ఉంది, పనున్నా లేకపోయినా జీతం ఇవ్వాలి. ఇలా ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే, సాయంత్రానికి పదమూడు లక్షల ఎనభై వేలలో రెండు లక్షల పది వేలు మిగిలాయి. ఇంటికి ముప్పై ఆరు డాలర్లు.

"ఇంకా ఉన్నాయా అంకుల్?" అని నిశాంత్ అడిగాడు.

"నాలుగే. అరవై ఒకటోది. నూట నలభై ఎనిమిదో పేజీలో ఒక టేబుల్ ఉంది. ఏడుగురు పిల్లలు, ప్రయాణం నలభై ఒక్క నిమిషాలు. వీళ్లెవరు?"

ఆటిజం ఉన్న పిల్లలకి వేరే క్లాసు కావాలి. ఈస్ట్ కార్వెల్‌లో అలాంటి పిల్లలు ముగ్గురు, కార్వెల్‌లో నలుగురు. ఏ ఊరికి ఆ ఊరు చూసుకుంటే క్లాసు పెట్టడానికి చాలరు. అందుకని అందర్నీ రోజూ వ్యాన్లలో వేరే కౌంటీలో స్కూలుకి పంపుతున్నారు.

"మరి ఊళ్లు కలిస్తే ఏడుగురవుతారు కదా. ఇక్కడే క్లాసు పెట్టొచ్చు కదా?"

"పెట్టొచ్చు. కానీ ఇక్కడ పెట్టినా ఖర్చు సేమ్ అంకుల్. ఆదా జీరో. అందుకే రిపోర్టులో రాయలేదు."

"ఈ నలభై ఒక్క నిమిషాలు ఎలా వచ్చింది?"

"మ్యాప్స్‌లో చూశాం."

"ఎప్పుడు?"

నిశాంత్ కొంచెం ఆలోచించాడు. "ఐ థింక్... సండే."

ఆదివారం ట్రాఫిక్ ఉండదని రాజు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అరవై నాలుగు ప్రశ్నల్లో అరవై ఒకటోది వచ్చేదాకా తను పిల్లల గురించి ఒక్కటీ అడగలేదని అతనికి అప్పుడే తోచింది. మిగిలిన మూడూ అడగకుండానే కాగితాలు సర్దుకున్నాడు.

తరవాత చేసిన పని మాత్రం అతను ఎవరితోనూ సంప్రదించకుండా చేశాడు. సంప్రదిస్తే ఫెబీ ఒప్పుకునేది కాదు. వాళ్ల వెనక వీధిలో ఒక ఇంటి ముందు పొద్దున ఏడింటికి తెల్ల వ్యాన్ ఆగి ఒక పాపని ఎక్కించుకోవడం అతను చాలాసార్లు చూశాడు. ఒక మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టి, ఫోన్‌లో టైమర్ నొక్కి, కారేసుకుని ఆ వ్యాన్ వెనకాలే బయల్దేరాడు.

హైవే మీద ట్రాఫిక్ పాకుతోంది. వ్యాన్ లేన్ మారితే అతనూ మారాడు. వ్యాన్ నెమ్మదిస్తే అతనూ నెమ్మదించాడు. మధ్యలో వ్యాన్ ఇంకో పిల్లాడి కోసం ఆగితే, కాస్త వెనగ్గా ఆపుకుని నోట్‌బుక్‌లో టైము రాసుకున్నాడు. అద్దంలో ఇదంతా చూస్తున్న డ్రైవరు ఏం చెయ్యాలో అదే చేసింది. స్కూలు పార్కింగ్‌లోకి వ్యాన్ తిరిగింది, దాని వెనక రాజు తిరిగాడు, అతని వెనక పోలీసు కారు లైట్లు వేసుకుని తిరిగింది. అప్పటికి యాభై ఎనిమిది నిమిషాలు. ముందు టైమర్ ఆపి, తరవాత చేతులు స్టీరింగ్ మీద పెట్టాడు.

ఎందుకు ఫాలో అవుతున్నావని ఆఫీసరు అడిగాడు. అరవై ఒకటో ప్రశ్న కోసమని రాజు చెప్పాడు. ఆఫీసరు అతన్ని కారు దిగమన్నాడు. బోర్డు మెంబరు కార్డు చూపిస్తే, ఇలాంటి కార్డు ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చన్నాడు. అది నిజమే, అది ప్రింట్ చేసింది రాజే. చివరికి డాక్టర్ హోల్‌బ్రూక్‌కి ఫోన్ చేశారు. "మా మెంబరే," అందావిడ. ఫోన్ పెట్టేసే ముందు, "ఆయన అంతే," అంది.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది.

"పసిపిల్లల వ్యాన్ వెంట కారేసుకుని పడ్డారా?" అంది ఫెబీ. "యాభై ఏళ్లొస్తున్నాయి. ఎవాన్ ఈ ఊరి స్కూల్లోనే చదువుతున్నాడు. మీకేమైనా తోచిందా అసలు?"

"ఆదివారం లెక్క పెట్టారు ఫెబీ."

"ఏంటి?"

"మ్యాప్‌లో ఆదివారం చూశారు. పిల్లలు వెళ్లేది మంగళవారం."

ఫెబీ ఇంకేదో అనబోతుంటే బెల్ మోగింది. గుమ్మంలో ముప్పై ఐదేళ్ల మనిషి, ఆఫీస్ బ్యాడ్జీ ఇంకా మెడలోనే ఉంది. పేరు రష్మి అని చెప్పింది. హైదరాబాద్ మాట.

"అన్నా, మా అనిక వ్యాన్ వెనక పోయింది మీరేనా?"

"నేనేనమ్మా. తప్పే. మీకు ముందు చెప్పాల్సింది."

"ఎంత భయమైందో తెలుసా నాకు? మీటింగ్‌లో ఉంటే ఫోన్ చేసిండ్రు, ఎవడో వెంటబడ్డడు అని."

"తెలుసు. క్షమించు తల్లీ."

ఆమె దగ్గర తిట్టడానికి తెచ్చుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నట్టున్నాయి. కానీ అడిగింది వేరే. "ఎంతసేపు పట్టింది?"

"యాభై ఎనిమిది నిమిషాలు. రిపోర్టులో నలభై ఒకటి అని రాశారు."

రష్మి అక్కడే గుమ్మం పక్కన, చెప్పులు వేసుకునే బెంచీ మీద కూర్చుండిపోయింది. "రెండేండ్ల సంది చెప్తున్న నేను. గంట పడుతది, పాప అక్కడికి పొయ్యేసరికే అలిసిపోతది అంటే, మ్యాప్‌లో అంత లేదమ్మా అంటరు. ఎవ్వరు నమ్మలే."

ఫెబీ లోపలికి వెళ్లి టీ పెట్టింది. టీ తాగాక రష్మి, ఆ యాభై ఎనిమిది నిమిషాలు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మంది. రాజు రాశాడు. తేదీ, బయల్దేరిన టైము, చేరిన టైము, ఆ రోజు వాన లేదన్న సంగతి కూడా.

ఈలోగా ఊరు రెండుగా చీలింది. విలీనం వద్దన్నవాళ్లు పసుపు టీషర్టులు అచ్చు వేయించుకున్నారు. వాటి మీద కొంగ బొమ్మ. ఈస్ట్ కార్వెల్ స్కూలు గుర్తు కొంగ. కావాలన్నవాళ్లలో ముందున్నది చక్రపాణి. ఆయనా తెలుగాయనే, ఐటీలో రిటైరయ్యాడు, ఏటా పన్ను నోటీసు రాగానే దాన్ని ఫ్రిజ్ మీద అంటించి తిట్టుకుంటాడు. కిరాణా షాపులో రాజు కనిపిస్తే బెండకాయల దగ్గర ఆపేశాడు.

"రాజు గారూ, కలిపితే టాక్స్ తగ్గుతుందా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"తగ్గుతుందండి. ముప్పై ఆరు డాలర్లు."

"నెలకా?"

"ఏడాదికి."

చక్రపాణి బెండకాయలు ఏరడం ఆపేశాడు. "మరి రెండు వందల ముప్పై ఎనిమిదన్నారే!"

"అన్నారండి."

బోర్డు ఓటింగు రోజున లైబ్రరీ చాలదని మీటింగ్ జిమ్‌లో పెట్టారు. నాలుగు వందల మంది వచ్చారు. సగం పసుపు. రాజు వంతు వచ్చింది. ఆఫీసులో పదిమంది ముందు మాట్లాడాలన్నా ముందు రోజే అంతా కాగితం మీద రాసుకునే మనిషి. రిపోర్టులో ఎక్కడెక్కడ ఏం వదిలేశారో, ఆదా నిజానికి ఎంతో చదివాడు. రెండు లక్షల పది వేలు అనగానే పసుపు చొక్కాలన్నీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాయి. ఎవరో కొంగలా కూత కూశారు. రాజు వాళ్లు కూర్చునేదాకా ఆగాడు.

"నేను కలవడానికే ఓటు వేస్తున్నాను," అన్నాడు.

మళ్లీ చప్పట్లు కొట్టబోయిన చేతులు అలాగే ఆగిపోయాయి.

"ఏడుగురు పిల్లలు ఉన్నారు. పొద్దున గంట, సాయంత్రం గంట వ్యాన్‌లో కూర్చుంటున్నారు. మనం ఎవరికి వాళ్లం ఉంటే వాళ్లకి ఇక్కడ క్లాసు రాదు. కలిస్తే వస్తుంది. ఆ గంట నేను చూశాను. ఎలా చూశానో మీకు తెలుసు."

నవ్వకూడదనుకుంటూనే కొందరు నవ్వారు. ముందు వరసలో పసుపు చొక్కా ఆవిడ చెయ్యెత్తింది. "ఆ క్లాసు వల్ల ఆదా ఎంత?"

"ఏమీ లేదండి. సున్నా."

"మరి?"

"మరేమీ లేదు. అంతే," అని కూర్చున్నాడు.

బయటికి వస్తుంటే పసుపువాళ్లెవరూ అతనితో మాట్లాడలేదు. చక్రపాణి కూడా మాట్లాడలేదు. ఓటు తన వైపే పడినా, ముప్పై ఆరు అన్న మాట జనంలో చెప్పినందుకు ఆయనకి కోపం. బోర్డులో ఐదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. ఎవాన్ మాత్రం కారెక్కాక, "డాడ్, యూ వర్ ఓకే," అన్నాడు. కొడుకు నోట అంత పెద్ద మెచ్చుకోలు రాజు అంతకుముందు వినలేదు.

తరవాత జనం ఓటు. కార్వెల్‌లో విలీనం సులువుగా గట్టెక్కింది. ఈస్ట్ కార్వెల్‌లో పంతొమ్మిది ఓట్ల తేడాతో గట్టెక్కింది. కొత్త డిస్ట్రిక్ట్‌కి పేరు పెట్టడానికి ఆరు మీటింగులు పట్టాయి. చివరికి గ్రేటర్ కార్వెల్ అన్నారు. గుర్తుగా కొంగ ఉండాలా, కార్వెల్‌వాళ్ల పొట్టేలు ఉండాలా అని ఐదు నెలలు వాదించుకుని రెండూ ఉంచారు. బస్సుల మీద పేర్లు, బోర్డులు, యూనిఫారాలు, లాయర్లు, అన్నీ కలిపి మొదటి ఏడు లక్షా తొంభై వేలయింది. రెండు లక్షల పది వేలలో ఇరవై వేలు మిగిలాయి.

ఆ ఏడు టీచర్ల ఇన్సూరెన్స్ ఖర్చులు పెరిగి అందరి ఇంటి పన్నూ పెరిగింది. చక్రపాణి ఫోన్ చేశాడు.

"నూట పన్నెండు డాలర్లు పెరిగిందండీ! తగ్గుతుందన్నారు!"

"కలవకపోతే నూట పదిహేనున్నర పెరిగేదండి."

చక్రపాణి అటువైపు పైకే తీసివేత చేసుకున్నాడు. "అంటే మూడు డాలర్లు."

"మూడున్నర."

కొత్త బోర్డులో తొమ్మిది సీట్లు. జనాభా ప్రకారం ఈస్ట్ కార్వెల్‌కి రెండే వచ్చాయి. వాటికి పదకొండు మంది నిలబడ్డారు. ఈసారి రాజు పేరు బ్యాలెట్ మీద అచ్చులోనే, ఒకే స్పెల్లింగుతో ఉంది. ఏడో స్థానంలో వచ్చాడు. ఫెబీ ఆ పూట చేపల పులుసు చేసింది. ఓదార్పుకో సంతోషానికో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అతనికి మటుకు కొంచెం బాధగానే ఉంది. జీతం లేని పని పోతే ఇంత బాధేమిటా అని తనకే వింతగా తోచి, రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు.

క్లాసు వెంటనే రాలేదు. టీచరు దొరకడానికి ఒక ఏడాది పట్టింది. రెండో సెప్టెంబరులో, ఈస్ట్ కార్వెల్ స్కూల్లో పాత ఆర్ట్ గదిలో తెరిచారు. ఏడుగురిలో ఒక కుటుంబం అప్పటికే టెక్సాస్ వెళ్లిపోయింది. ఆరుగురు పిల్లలు. అనిక ప్రయాణం ఇప్పుడు తొమ్మిది నిమిషాలు. వ్యాన్ ఎనిమిదిన్నరకి గానీ రావడం లేదని, ఆఫీసుకి లేటవుతోందని రష్మి ఫిర్యాదు పెట్టింది. పరిశీలిస్తామన్నారట.

అక్టోబరులో ఒక పొద్దున పిల్లలు తమ గది చూపించే రోజు. రష్మి రమ్మంటే రాజు ఆఫీసుకి వెళ్తూ ఐదు నిమిషాలకని ఆగాడు. అనికకి తొమ్మిదేళ్లు. మనుషుల ముఖం కేసి చూడదు. అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఒక బల్ల దగ్గరికి లాక్కెళ్లి, గుండీల డబ్బా బోర్లించింది. ఎర్రవి ఒక పక్క, నీలంవి ఒక పక్క, రెండు చిల్లులవి వేరు, నాలుగు చిల్లులవి వేరు. రాజు ఒక ఊదా గుండీని నీలంలో పెడితే, ఏమీ అనకుండా తీసి అతని చేతిలోనే పెట్టింది. అతను దాన్ని వెలుతురులో పట్టి చూశాడు. ఊదాయే. మళ్లీ సరిగ్గా పెట్టాడు.

డబ్బా ఖాళీ అయ్యేదాకా అతన్ని లేవనివ్వలేదు. ఆఫీసుకి నలభై నిమిషాలు ఆలస్యమైంది. మేనేజరు అడిగితే, స్కూల్లో మీటింగ్ ఉందని చెప్పాడు.